గోల్‌కీపర్ చేసిన మేలు

నాలుగేళ్లలో ఒక్క తప్పూ చెయ్యని మనిషిని ప్రేమించడం ఎంత కష్టమో మరీట్ కొస్కీని అడగాలి.

ఉత్తర మిన్నెసోటాలోని ఆ చిన్న కాలేజీలో ఐస్ హాకీ మ్యాచ్ జరిగినప్పుడల్లా పెనాల్టీ బాక్స్ తలుపు తీసేదీ వేసేదీ ఆమే. తప్పు చేసిన ఆటగాడు వచ్చి ఆమె పక్కన రెండు నిమిషాలు కూర్చోవాలి. అంతసేపూ అతని జట్టు ఒక మనిషి తక్కువగా ఆడాలి. ఈలోగా అవతలివాళ్లు గోల్ కొడితే శిక్ష అక్కడితో సరి. జట్టులోని దుడుకు కుర్రాళ్లంతా ఆమెకు స్నేహితులే. ఐవర్ సోల్బర్గ్ ఒక్కడే దొరకలేదు. ఆ బుద్ధిమంతుడు ఎవరికైనా భుజం తగిలితే ఆగి మరీ సారీ చెప్పే రకం.

'ఒక్కసారి ఎవడి కాలికైనా కర్ర అడ్డం పెట్టు బాబూ!' అని ఆమె ఎన్నిసార్లు మొక్కుకుందో లెక్కలేదు.

ఇవాళ వాళ్ల కాలేజీ చదువులో ఆఖరి మ్యాచ్. రేపటి నుంచి ఈ తలుపూ లేదు, ఈ ఆశా లేదు.

చివరిదైన మూడో పీరియడ్‌లో సొంత జట్టు గోల్‌కీపర్ గస్ కోపం పట్టలేక అవతలి ఆటగాడి మోకాలి మీద కర్రతో ఒక్కటిచ్చాడు. గోల్‌కీపర్ గోల్ వదిలి రాడు కాబట్టి అతని శిక్ష వేరొకరు అనుభవించాలి. కోచ్ ఐవర్‌ని పంపాడు.

ఐవర్ వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు.

"చలిగా ఉంది కదూ?" అన్నాడు.

"మంచు మీద ఆడుతున్నారు మరి."

అర నిమిషం గడిచింది.

"నీ టోపీ బాగుంది."

"నాలుగేళ్లుగా ఇదే టోపీ."

"తెలుసు. మొదట్లో దానికి ఎర్ర కుచ్చు ఉండేది."

అంటే చూస్తూనే ఉన్నాడన్నమాట!

"మరీట్, నేను నీతో..."

సైరన్ మోగింది. అవతలివాళ్లు గోల్ కొట్టేశారు. స్కోరు రెండు రెండు.

"లే. నీ శిక్ష అయిపోయింది."

"మాట సగంలో ఉంది!"

"అక్కడ నలుగురే ఉన్నారు, ఐదోవాడివి నువ్వే. వెళ్తావా, నెట్టమంటావా?"

తలుపు తీసి పంపేసి, తన నిజాయితీని తనే తిట్టుకుంది. అదే ఐదు నిమిషాల పెద్ద శిక్షయితే, ఎన్ని గోల్స్ పడ్డా మనిషి కదలనక్కర్లేదు. ఆ గస్ ఇంకాస్త గట్టిగా కొడితే వాడి సొమ్మేం పోయింది?

ఆఖరి నిమిషంలో ఇంకో గోల్ కొట్టి సొంత జట్టే గెలిచింది. అందరూ గస్ మీద పడి సంబరంగా కేకలు పెడుతుంటే, ఒక్కడు మాత్రం జారుకుంటూ ఇటు వచ్చి బాక్స్‌లో కూర్చున్నాడు.

"విజిల్ ఎవరూ వెయ్యలేదే!" అంది మరీట్.

"నా మీద నేనే వేసుకున్నాను. రెండు నిమిషాలు."

"ఏం తప్పు చేశావు?"

"ఆట ఆలస్యం చేశాను. నాలుగేళ్లు." ఐవర్ హెల్మెట్ తీశాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. "నువ్వంటే నాకు చాలా ఇష్టం మరీట్. ఇందాక ఆగిపోయిన మాట ఇదే."

"నాకూ ఇష్టమే. ఆ ఎర్ర కుచ్చు ఉన్నప్పటి నుంచీ." కళ్లు తుడుచుకుని మరీట్ తలుపు మీద చెయ్యి వేసింది. "ఇక లే. నా వైపు నుంచి గోల్ పడిందిగా, నీ శిక్ష అయిపోయింది."

ఐవర్ కదల్లేదు.

"ఐదు నిమిషాలది వెయ్యి," అన్నాడు.

మరీట్ తలుపు గడియ పెట్టేసింది.