ఖాళీ అని అచ్చయిన ఇల్లు

ఒక ప్రశ్న అడుగుతాను. తొందరపడకుండా ఆలోచించి చెప్పండి. పరీక్షలో ఒక పిల్ల ఒక ప్రశ్నకి జవాబు రాయలేదు. ఆ చోటు తెల్లగా వదిలేసింది. దానికి అర్థం ఏమిటి?

"జవాబు రాదన్నమాట," అన్నాడు చిన్ను.

"వచ్చేమో! ఆఖర్న రాద్దామనుకుంది, ఇంతలో గంట కొట్టేసారు," అంది చందన.

బాగుంది. మరి ఆ తెల్లటి చోటు చూసి, ఆ పిల్ల అసలు బడికే రాలేదని నేను రాసేస్తే?

"అదేటి నాన్నమ్మా, అన్యాయం!" అన్నారు ఇద్దరూ ఒక్కసారి.

ఆ మాట గుర్తుంచుకోండి. ముందు ముందు అవసరం పడుతుంది. ఆ చేట ఇలా పక్కకి జరపండి, ఉలవలు తర్వాత బాగుచేస్తాను. దెయ్యం కథ కావాలన్నారు కదా... దెయ్యం కథే చెప్తాను.

పొడంపేట దాటి, రుషికుల్య నది సముద్రంలో కలిసే వైపు వెళ్తే సరుగుడు తోటల వెనక ఒక పాత జాలరిపేట ఉంది. ఉంది అనకూడదు, మిగిలింది అనాలి. ఏటేటా సముద్రం ఒక్కో వరస ఇళ్ళని తినుకుంటూ వచ్చింది. జనాన్ని రోడ్డు పక్కన కొత్త కాలనీకి మార్చేసారు. ఇప్పుడక్కడ కప్పు లేని గోడలు, ఇసకలో సగం కూరుకుపోయిన గుమ్మాలు...

ఆ చోటుకి చెడ్డపేరు తెచ్చింది తాబేళ్ళని చూడ్డానికి బరంపురం నుంచి వచ్చే కుర్రాళ్ళు. దీపాలు పెట్టే వేళ దాటాక ఆ దారిన నడవకూడదంటారు. ఆఖరి వరసలో ఒక ఇంటి గుమ్మం దగ్గర మిణుకుమిణుకుమని వెలుగు కనిపిస్తుందట. దారిన పోయేవాణ్ణి ఒక ఆడగొంతు పిలుస్తుందట.

మామూలు దెయ్యాలు ఏమడుగుతాయి? సున్నం అడుగుతాయి, నిప్పు అడుగుతాయి. ఇది అవేవీ అడగదు.

"బాబూ... ఈ ఇంట్లో ఎవులైనా ఉన్నారా? సూసి సెప్పు."

ఖాళీ ఇంట్లోంచి ఆ ప్రశ్న వస్తే ఎవడు నిలబడతాడు? చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తినవాళ్ళే అందరూ.

ఒక్కడు మాత్రం పరిగెత్తలేకపోయాడు. అతని కథే ఇది. నాకతను చెప్పినట్టే మీకు చెప్తున్నాను.

"పేరేటి?" అన్నాడు చిన్ను.

పేరు ఇప్పటికి తెల్లగా వదిలేద్దాం. బరంపురంలో ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ పని చేసే కుర్రాడు, అంతవరకు చాలు.

అతని పని ఏమిటో ముందు అర్థం చేసుకోవాలి, లేకపోతే కథలో భయం తెలీదు. నేను బళ్ళో ప్రోగ్రెస్ కార్డులు రాసేదాన్ని కదా. కార్డు అచ్చు అందరికీ ఒకటే. పేరు దగ్గర, మార్కుల దగ్గర ఖాళీలుంటాయి. ఒక్కో పిల్లకీ చూసి చేత్తో నింపేదాన్ని. ఇతను అదే పని యంత్రం చేత చేయిస్తాడు. శివరామ్ అని ఇంకో కుర్రాడు ఫోను పట్టుకుని పేటలన్నీ తిరుగుతాడు. ఇంటి యజమాని పేరు, ఎంతమంది మనుషులు, గోడలు ఎలా ఉన్నాయి, ఒక ఫొటో... అన్నీ ఫోనులో ఎక్కిస్తాడు. అవన్నీ వచ్చి ఆఫీసు కంప్యూటర్లో పడతాయి. ఇతను రాసిన ప్రోగ్రాం ఒక్కో ఇంటి వివరం తీసుకుని, అచ్చులో ఖాళీలు నింపి, ఇంటికొక పేజీ తయారుచేస్తుంది. మొత్తం పేజీలకి అట్ట, విషయసూచిక కూడా అదే కట్టేస్తుంది. మీట నొక్కితే చాలు. మనిషి కన్నెత్తి చూడక్కర్లేదు.

చూడక్కర్లేదు... అక్కడే ఉంది పిల్లలూ.

మొదటిసారి పేజీలు తీసినప్పుడు కొన్నింట్లో 'యజమాని పేరు' అన్న మాట పక్కన ఏమీ లేదు. బోసిగా కనిపించింది. వాళ్ళ సారు చూసి, "పై ఆఫీసుకి ఎల్లే కాగితం. ఇలా పళ్ళూడిపోయినట్టు ఉంటే ఎలా? ఏదో ఒకటి రాయించు," అన్నాడు. కుర్రాడు కూడా అన్నానికి లేచే తొందరలో ఉన్నాడు. ప్రోగ్రాంలో ఒక్క వాక్యం కలిపాడు. పేరు లేకపోతే 'ఖాళీ ఇల్లు, నివాసం లేదు' అని రాయి. అప్పటికే చాలామంది వదిలిపోయిన పేటలవి. నిజంగా ఖాళీ అయిన ఇళ్ళకి కూడా పేరు చోటు తెల్లగానే ఉంది. సరిపోయిందనుకున్నాడు.

కాగితాలు వెళ్ళిపోయాయి. సారు భుజం తట్టాడు. కొత్త ఇళ్ళ పంపకంతో సహా పై ఆఫీసులో మిగతా పనులన్నీ ఆ కాగితాలు చూసుకునే జరిగిపోయాయి. చివర్న, పాడుపడిన గోడలు పడగొట్టడానికి పొక్లెయిన్ పంపే ముందు, ఖాళీ ఇళ్ళన్నిటి ఫొటోలతో ఒక కాపీ కావాలన్నారు. చూస్తే ఒక ఖాళీ ఇంటికి ఫొటో లేదు.

"బండేసుకుని ఎల్లి తీసుకొచ్చీ," అన్నాడు సారు.

వెళ్ళాడు. సరుగుడు తోట దాకా బండి వచ్చింది, ఆ తర్వాత ఇసక. దిగి నడిచాడు. ఆ ఆఖరి వరస వెతికి పట్టుకునేసరికి పొద్దు పోయింది. సముద్రం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కుర్రాళ్ళు చెప్పుకునే మాట గుర్తొచ్చి నవ్వుకున్నాడట... గట్టిగా కాదు.

ఆ ఇల్లు కనిపించింది. పక్క గోడ లేదు. గుమ్మం మాత్రం నిలబడి ఉంది. లోపల చీకటి.

ఫోను ఎత్తాడు. గుమ్మానికి సరిగ్గా గురిచూసాడు.

ఫోను తెర మీద — ఆ చీకటి మధ్యలో — పసుపుపచ్చ గడి ఒకటి తళుక్కుమంది.

మనిషి ముఖం ఎదురుగా ఉంటే ఫోను దాని చుట్టూ గీస్తుందే... ఆ గడి.

తలెత్తి చూసాడు. గుమ్మంలో ఎవరూ లేరు. చీకటి. మళ్ళీ ఫోను చూసాడు. గడి ఉంది.

గడి కదిలింది.

చిన్నూ, దుప్పటి కాదు నాన్నా, అది నా చీర.

గడి కొంచెం పెద్దదైంది. అంటే ఏమిటి? ముఖం దగ్గరికొస్తోంది. కాళ్ళు ఇసకలో దిగిపోయినట్టు ఉండిపోయాడు. అప్పుడు...

"బాబూ... ఈ ఇంట్లో ఎవులైనా ఉన్నారా? సూసి సెప్పు."

ఫోను చేతిలోంచి జారిపోయింది. వెనక్కి రెండడుగులు వేసాడో లేదో, ఇసకలో కూరుకున్న పాత పడవ కొయ్య తగిలి వెల్లకిలా పడ్డాడు. గుమ్మంలోంచి వెలుగొకటి బయటికొచ్చింది. వెలుగు వెనక ఒక చెయ్యి. చెయ్యి వెనక ముఖం...

"పడిపోనావా? అయ్యో, దెబ్బ తగిలిందేటి?"

దెయ్యం అతనికి చెంబుతో నీళ్ళిచ్చింది.

నవ్వకండి. అతను మాత్రం ఆ నీళ్ళు తాగడానికి జంకాడట. ఉప్పగా ఉన్నాయి. దెయ్యం ఇచ్చే నీళ్ళు ఉప్పగా ఉంటాయా? సముద్రం పక్క నుయ్యి నీళ్ళు ఉంటాయి.

"నువ్వు... మనిషివేనా?" అన్నాడు.

"అదే కదా నేను అడుగుతున్నాను," అంది ఆమె. "కాగితాలోడేమో అని ఈ దారిన ఎవుడొచ్చినా అదే అడుగుతున్నాను. నేనున్నానా, లేనా? సూసి సెప్పమంటున్నాను. ఒక్కడూ నిలబడ్డు. ఇంతింత మీసాలోళ్ళు కూడా గోచీ ఊడినట్టు పరిగెడతన్నారు."

ఆమె పేరు గురువమ్మ. మొగుడు కేరళ బోట్ల మీద వేటకి వెళ్ళాడు. ఇల్లు ఆమెదే, ఒక్కతే ఉంటోంది.

"ఇల్లు ఖాళీ అని రాసుంది కదా?" అన్నాడు కుర్రాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండునని నాతో చాలాసార్లు అన్నాడు.

"అలాగే సెప్పినారు. ఆ ఫోను బాబొచ్చిన రోజు గట్టుకి పెద్ద వల వచ్చింది. పేటంతా లాగడానికి పోనారు. నేనొక్కదాన్నే గుమ్మంలో ఉన్నాను. ఇంటాయన పేరేటి అన్నాడు. నేనేటి సెప్పనూ?"

చెప్తూనే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుందట.

మొగుడి పేరు ఆడది పైకి అనకూడదని వాళ్ళలో పట్టింపు. మామూలుగా పక్కింటివాళ్ళు అందిస్తారు. ఆ రోజు పక్కిళ్ళలో ఎవరూ లేరు. శివరామ్ కూడా చెడ్డవాడు కాడు. మళ్ళీ వచ్చి పేరు కనుక్కుని, ఫొటో కూడా అప్పుడే తీసుకుందామని చోటు తెల్లగా వదిలేసాడు. రావడం పడలేదు. అక్కడ కంప్యూటర్ ఆ తెల్లటి చోటు చూసింది. కుర్రాడు నేర్పిన వాక్యం చదివింది. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చెరిపేసింది.

"పేటవాళ్ళు చెప్పలేదా, నువ్వున్నావని?"

"సెప్పక! కాలనీలో ఇళ్ళ తాళాలు పంచినప్పుడు అందరూ సెప్పినారు. కాగితంలో ఖాళీ అనే ఉంది అన్నారు. మనిసి ఎదురుగా నిలబడితే కాగితం సూస్తారేటి బాబూ? వాళ్ళిళ్ళకి రమ్మంటారు. ఎన్నాళ్ళుంటాను? కేరళ ఎల్లినోడొస్తే ఈ గుమ్మానికే వస్తాడు కదా."

ఇంకో సంగతి కూడా చెప్పింది. గొంతు మారలేదట, ఎవరి సంగతో చెప్తున్నట్టే అందట.

"అంతకుముందు తుపాను రేత్రి జీపొచ్చింది. ఇంటింటికాడా ఆగి, కాగితం సూసి, పిలిసి ఎక్కించుకున్నారు. నా ఇంటికాడ ఆగనేదు. అరిసినాను. ఆ గాలికి నా అరుపు నాకే వినపళ్ళేదు. తెల్లారే దాకా ఈ గుమ్మం పట్టుకునే ఉన్నాను. ఆ గోడ అప్పుడే పోయింది."

లేని గోడ వైపు దీపం ఎత్తి చూపించింది.

దెయ్యం అనుకున్నప్పుడు కూడా అతనికి అంత భయం వెయ్యలేదట. ఆ గోడ లేని చోటు వైపు తలెత్తి చూడలేకపోయాడు. ఎవరు రాసారు బాబూ అలాగ అని ఆమె అడుగుతుందేమో అని ఎదురుచూసాడు. ఆమె అడగలేదు. అడిగితే బాగుండును అంటాడు.

ఇసకలో ఫోను వెతికి తీసుకున్నాడు. ఆ ఇంటి వివరం తెరిచాడు. తెల్లటి చోటు ఇంకా అలాగే ఉంది.

"అమ్మా, పేరు చెప్పక్కర్లేదు. ఆనవాలు చెప్పు."

ఆమె కొంగు చాటు నుంచే అంది. "సింహాచలం కొండ మీద ఎవులున్నారు?"

"నరసింహస్వామి... అంటే, నరసన్నా?" అన్నాడు అతను.

గురువమ్మ ముఖం అప్పుడు విచ్చుకుందట. "ఇంకోపాలి అను బాబూ. ఆడెల్లిన కాణ్ణించి ఈ గుమ్మంలో ఆ పేరు ఎవులూ అనలేదు."

అతను ఇంకోసారి అన్నాడు. రాసాడు. ఫొటో తీసాడు. పసుపుపచ్చ గడి ఈసారి ఆమె ముఖం మీద కదలకుండా నిలబడింది.

మర్నాడు ఆఫీసు తలుపులు తీయగానే వెళ్ళి ఆ వాక్యం మార్చాడు. పేరు లేకపోతే ఖాళీ ఇల్లు అని రాయకు, 'వెళ్ళి అడగాలి' అని రాయి. మీట నొక్కాడు. తప్పు సరిపోయిందా లేదా అని పేజీలు తిప్పాడు.

గురువమ్మ పేజీ బాగానే ఉంది. దాని తర్వాత పేజీలో... వెళ్ళి అడగాలి.

ఇంకా కిందకి పోతే... వెళ్ళి అడగాలి.

పక్క పేటలో... అడగాలి. ఆ పక్క పేటలో... అడగాలి. అడగాలి. వేలు ఆగితే భయం, ఆగకపోతే భయం. ఇన్నాళ్ళూ ఇవన్నీ అతని కాగితాల్లో ఖాళీ ఇళ్ళు. కొన్ని నిజంగానే ఖాళీ అయి ఉంటాయి. ఏది ఖాళీయో, ఏ గుమ్మంలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉందో, కాగితం చూసి ఎలా చెప్పడం?

వాటిలో కొన్ని ఇళ్ళు ఇప్పుడు లేవు. వెళ్ళి అడుగుదామంటే ఆ చోట సముద్రం ఉంది.

అంతే కథ.

వీధిలో ఎవరిదో ఆటో పోయింది. అప్పుడు అరుగు మీద నుంచి టప్... టప్... అని చప్పుడు. చిన్ను నా ఒళ్ళోకి దూరిపోయాడు.

చెప్పులు గోడకేసి కొట్టి ఇసక దులుపుతున్న చప్పుడు.

"ఆ తెల్లగా వదిలేసిన పేరు ఉంది కదా చిన్నూ," అంది బయటి గొంతు, "జగదీష్ అని రాసుకో."

చిన్ను తల బయటపెట్టాడు. "చిన్నాన్నా! నువ్వేనా?"

నా చిన్నకొడుకు గుమ్మంలోనే నిలబడిపోయాడు, లోపలికి రాకుండా. ఆదివారం ఆదివారం వీడు ఎక్కడికి పోతాడో, చొక్కా నిండా ఉప్పుగాలి వాసనతో ఎందుకొస్తాడో పిల్లలు అడగడం మానేసి చాలాకాలమైంది. పేటలకి పోతాడు. ఒక్కో గుమ్మం దగ్గరా నిలబడి, ఈ ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడుగుతాడు. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగేది వీడు.

"గురువమ్మకి ఇల్లొచ్చిందా?" అంది చందన.

"పొక్లెయిన్ ఆగింది," అన్నాడు. "ఇల్లు ఇంకా రాలేదు." ఆ రెండో మాట నేలని చూస్తూ అన్నాడు.

"ఇవాళ ఎవరైనా పలికారా?" అన్నాను నేను.

"ఒక గుమ్మంలో పలికారమ్మా," అన్నాడు. కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

చందన ఆలోచిస్తూ కూర్చుంది. ఈ పిల్ల ఆలోచిస్తే నాకు బెంగ. నా క్లాసులో కూర్చోబెట్టినా ఇలాంటి పిల్లకి జవాబు చెప్పడం కష్టమే.

"నాన్నమ్మా, శివరామ్ మనింటికొచ్చి అడిగుంటే... నువ్వు తాతయ్య పేరు చెప్పుదువా?"

లోపలి గదిలో మీ తాతయ్య గురక వినిపిస్తోంది. ఎంతమంది పిల్లల పేర్లు హాజరు పిలిచిన నోరు ఇది! చెప్పడానికి ఎంతసేపు?

"అదిగో! అదిగో!" అని చిన్ను నా చెయ్యి పట్టుకున్నాడు.

చూసుకుంటే నా చెయ్యి కొంగుతో సహా నోటి దగ్గరికి వచ్చేసి ఉంది.

సరే, లేవండి, పడుకోండి. చేటలో ఉలవలు సగం అలాగే ఉన్నాయి. రాళ్ళు ఏరాలి, నేను వెళ్తున్నాను.