ముప్పై ఏడో నవల

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆండాలు దోసెలు పోస్తోంది. సూర్యాపేటలో మోటార్ వైండింగ్ షాపు నడిపే ఆమె భర్త బిక్షపతికి వారంలో ఆ ఒక్క పూటే తీరిగ్గా కూర్చుని తినడం కుదురుతుంది. రెండో దోసె సగంలో ఉండగా ఫోన్ మోగింది. మిర్యాలగూడ నుంచి అతని అన్న యాదగిరి. బిక్షపతి ఊ కొడుతూ విని, ఫోన్ పెట్టేసి, ప్లేటు పక్కకు నెట్టాడు.

"అన్న పుస్తకం మీద ఏం రాసినవ్?"

"ఉన్నదే రాసిన," అంది ఆండాలు, పెనం మీంచి చూపు తిప్పకుండా.

అన్నా వదినా గంటన్నరలో వస్తున్నారని, ఈలోపు ఆ రాసిందేదో తీసెయ్యమని అతను చెప్పాడు. ఆమె స్టవ్ ఆపేసింది గానీ ఫోన్ మాత్రం ముట్టుకోలేదు.

కూతురు నవ్య కోదాడలో టీచరుగా చేరాక ఇల్లు బోసిపోయి, ఆండాలు ఫోన్‌లో ఒక పుస్తకాల గ్రూపులో చేరింది. ఏడాదిలో యాభై నవలలు చదవాలి. ఆఖరి పేజీ దాకా చదివాకే, అనిపించింది అనిపించినట్టు రాయాలి. అదొక్కటే నియమం. పదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి లైబ్రరీ నుంచి సంచీలో మోసుకొచ్చి మరీ సెప్టెంబరు నాటికి ముప్పై ఆరు పూర్తి చేసింది. నచ్చితే ఏడ్చానని రాసింది. నచ్చకపోతే మొహమాటపడలేదు. ఒక పేరున్న నవల గురించి, 'ఇందులో హీరో మొదటి పేజీలోనే నాలుగుసార్లు టీ తాగాడు, ఆ గ్లాసులు ఎవరు కడిగారో చివరిదాకా తెలియలేదు' అని రాస్తే మూడొందల మంది మెచ్చుకున్నారు.

ముప్పై ఏడోది బావగారిది. లెక్చరరుగా రిటైరైన యాదగిరి 'మంచం పక్కన మూడేండ్లు' అని నవల రాసి, పోయిన నెల కోదాడలో ఫంక్షన్ హాలు తీసుకుని ఆవిష్కరణ పెట్టించుకున్నాడు. కథ క్లుప్తంగా ఇదీ: తల్లి మంచాన పడితే పెద్దకొడుకు ఉద్యోగానికి సెలవు పెట్టి మూడేళ్లు కంటికి రెప్పలా చూసుకుంటాడు. మాట్లాడినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. శాలువాలు కప్పారు. అప్పటికింకా చదవని ఆండాలు కూడా మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

తర్వాత చదివింది. ఆమె అత్త జానకమ్మ, నాలుగేళ్ల కింద పోయేదాకా, మూడేళ్లు మంచంలో ఉన్నది ఈ ఇంట్లోనే, ఈ వెనక గదిలోనే. ఎత్తింది, కడిగింది, పక్కకు తిప్పింది ఆండాలు. నవలలో ఆ కోడలే లేదు. సాలి అనే పనిమనిషి ఉంది. ఆండాలు మాట్లాడే మాటలన్నీ ఆ సాలి నోట్లో ఉన్నాయి. సాలికి గంజి చల్లార్చడం కూడా చేతకాదని పెద్దకొడుకు కసురుకుంటాడు. నూట పన్నెండో పేజీలో ముసలామెను తడిబట్టల్లో వదిలేసి సాలి ఊరికి పోతే, పెద్దకొడుకే వచ్చి శుభ్రం చేస్తాడు. అక్కడ ఆండాలుకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నియమం నియమమే కనుక ఆఖరు పేజీ దాకా చదివి, అప్పుడు రాసింది.

'ఇది మా బావగారి నవల. ఇది రాసినాయన మంచం పట్టిన మనిషి దగ్గర ఒక్క పూట కూర్చోలేదు. మూడేళ్లు పడుకున్న తల్లి ఒంటి మీద ఒక్క పుండు లేదట. పడుకోబెట్టి గంజి తాగించాడట. అట్లా తాగిస్తే పొలమారి ప్రాణం పోతుంది. పక్క బట్టలు ఎవరు ఉతికారో నూట ఎనభై పేజీల్లో ఎక్కడా లేదు. భాష బాగుంది. మనిషి అబద్ధం.'

ఇది గ్రూపులోనే ఉండిపోయేది. బావగారే కొంప ముంచుకున్నాడు. ఎవరో తనకు పంపిన ఆ పోస్టులో అట్ట ఫొటో, కింద మొదటి వాక్యం చూసి మురిసిపోయి, మిగతాది చదవకుండానే, 'మా మరదలి స్పందన, అందరూ తప్పక చదవండి' అని చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి పంపాడు. అరవై మంది తప్పక చదివారు.

పదింటికి కారు ఆగింది. యాదగిరి మంచినీళ్లు కూడా తాగలేదు. చుట్టాల్లో తల ఎత్తుకోలేకపోతున్నానని, పోస్టు తీసేసి అందరికీ క్షమాపణ చెప్పాల్సిందేనని అన్నాడు. ఇంటి పరువు ఇంటి ఆడదే తీసిందని ఆయన భార్య అందుకుంది. నవల చదివారా అక్కా అని ఆండాలు అడిగితే ఆమె కిటికీ వైపు చూసింది. తనకు అంకితమిచ్చిన పేజీ తప్ప ఆమె ఇంకేమీ చదవలేదు.

"నవల అంటే కల్పన, ఆండాలు. జరిగింది జరిగినట్టు రాస్తే దాన్ని నవల అంటరా?" అన్నాడు యాదగిరి.

"కల్పన అయితే మంచిదే బావ. మరి ముందుమాటల ఇది నా జీవితమని ఎందుకు రాసిన్రు?"

ఆయన కోపం రెట్టింపయింది. పోస్టు తీసెయ్యకపోతే ఈ గడప మళ్లీ తొక్కనన్నాడు. బిక్షపతి మధ్యలోకి వచ్చాడు.

"తీసెయ్ ఆండాలు. పెద్దోడు. చెప్తున్న గద," అన్నాడు.

అప్పుడు తిరిగింది ఆమె. బావ మీదికి కాదు, మొగుడి మీదికి.

"ఆ మూడేండ్ల సంగతి ఇయ్యాల్టి దాక ఎవ్వరికన్న చెప్పిన్నా? ఎవ్వరు అడగలె, నేను చెప్పలె. నాకు శాలువా వద్దు. గాని నా చేతుల పని గుంజుకపోయి, నన్నే పనిదాన్ని చేసి, తిట్టిపిస్తె ఊకోవాల్నా? ముందు మీరు సదువుర్రి. సదివినంక గూడ తీసెయ్యమంటే తీసేస్త."

పుస్తకం నూట పన్నెండో పేజీ దగ్గర తెరిచి చేతిలో పెట్టింది. బిక్షపతికి పేపరు చదివే అలవాటే తక్కువ. నిలబడే, వేలు పెట్టుకుని, లైను లైనూ చదివాడు. షాపుకు పోయే ముందు రోజూ తల్లి నడుము కింద చేతులు వేసి లేపినవాడు తనే. అవతలి పక్క ఎవరు పట్టుకున్నారో అతనికి తెలుసు. పేజీ అయిపోయాక పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు.

"అన్న, ఆండాలు తీసెయ్యదు," అన్నాడు. "గాని నాకొక్కటి చెప్పు. అమ్మ దగ్గర నువ్వు ఎన్ని పూటలు కూసున్నవ్?"

యాదగిరి విసురుగా లేచి గడప దాకా పోయాడు. చెప్పుల్లో ఒక కాలు పెట్టాడు. రెండోది పెట్టలేదు. అట్లాగే గడప మీద కూలబడ్డాడు.

"ఆ గది లోపలికి రాలేకపోయినరా. ఆ వాసనకు కడుపుల తిప్పేది. పండ్లు హాల్ల పెట్టి, అమ్మ పండుకున్నదా అని అడిగి పోయేటోన్ని. కాయితం మీదన్న చేద్దామని రాసుకున్న."

ఆండాలుకు కోపం పోలేదు. ఎట్లా పోతుంది.

"గదే రాయాల్సి ఉండె బావ. ఆ నవల అయితే నేను ఏడ్సుకుంట సదివేదాన్ని."

ఆయన తల ఊపాడు. ఎవరి వైపూ చూడకుండా, ఆఖర్న అమ్మ నా గురించి ఏమన్నా అడిగిందా అన్నాడు. నవలలో తల్లి పెద్దకొడుకు తల మీద చెయ్యి పెట్టి దీవించి కన్నుమూస్తుంది. లేదు, ఏమీ అడగలేదు అని చెప్పడం ఆండాలుకు ఎంతసేపు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఏడాది పొడుగునా ఉన్నది ఉన్నట్టే చెప్పిన మనిషికి ఇప్పుడు అబద్ధమాడ బుద్ధి కాలేదు.

"ఆఖరి రోజు అత్తమ్మకు కండ్లు కనవడలె," అంది. "తడిబట్టతోటి మొకం తుడుస్తుంటె నా చెయ్యి పట్టుకున్నది. పెద్దోడా, వచ్చినవా బిడ్డా అన్నది. నేనేం జెయ్యాలె. వచ్చిన అమ్మ అన్న. ఇగ ఆ చెయ్యి ఇడిసిపెట్టలె."

నాలుగేళ్లుగా ఆ మాట ఆమె భర్తకు కూడా చెప్పలేదు. బిక్షపతి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. అరవై మూడేళ్ల యాదగిరి ఒక కాలికి చెప్పుతో, గడప మీద కూర్చుని, తల్లి ఆ పూటే పోయినట్టు ఏడ్చాడు.

ఆండాలు పోస్టు తీసెయ్యలేదు. తీసెయ్యమని మళ్లీ ఎవరూ అడగలేదు.