గృహప్రవేశం ఫొటో

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దేవీప్రసాద్ ఆ రోజు సంపు దగ్గర వంగి కూడా చూడలేదు. ఆ సంగతి ముందు చెప్పాలి. ఆయన వంగి చూసి ఉంటే ఒక మనిషి ఇరవై మూడు రోజులు జైల్లో ఉండేవాడు కాదు.

1997 మే నెల. సీతమ్మధార. మధ్యాహ్నం మూడున్నరకి కృష్ణంరాజు ఇంటికి నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. డ్రైవర్ పెరట్లో సంపు మూత ఎత్తాడు. పైపు దించబోయి ఆగిపోయాడు.

లోపల ఆడమనిషి.

ఆ ఇంటివాళ్ళ దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తున్న చిట్టెమ్మ.

తల వెనక దెబ్బ ఉంది. ఊపిరితిత్తుల్లో నీళ్ళు లేవని పోస్ట్‌మార్టం రిపోర్టు. అంటే చచ్చిపోయాకే సంపులోకి వెళ్ళింది. ఎవరో పడేశారు.

దేవీప్రసాద్ హాల్లో ఫ్యాను కింద కూర్చుని టీ తాగాడు. కృష్ణంరాజు పెద్ద కాంట్రాక్టర్. ఇద్దరికీ క్లబ్బులో పేకాట స్నేహం. టీ అయ్యేసరికి ముద్దాయి దొరికాడు. చిట్టెమ్మ మొగుడు గవర్రాజు. ఆటోనగర్‌లో వెల్డింగ్ షెడ్డులో హెల్పర్. ఆ రోజు పదకొండింటికి గేటు దగ్గర పెళ్ళాంతో గొడవపడ్డాడని ఎదురింటివాళ్ళు చెప్పారు. వెనక గేటులోంచి వచ్చి కొట్టి చంపి సంపులో తోశాడు. కేసు అయిపోయింది.

ఎస్సై శ్రీరామ్మూర్తి చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆయనకి అనుమానం రావడం మానేసింది.

ఛార్జిషీటు మర్నాడు కోర్టులో వెయ్యాలనగా ఒక ముసలామె స్టేషన్‌కి వచ్చింది. చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి పొద్దున బస్సెక్కింది. చిట్టెమ్మ తల్లి మహాలక్ష్మమ్మ.

"ఏటి కావాలమ్మా?" అన్నాడు శ్రీరామ్మూర్తి, ఫైల్లోంచి తలెత్తకుండా.

"మా అల్లుడు సంపనేదు బాబూ."

"నువ్వు చూశావా?"

"సూడ్నేదు."

"మరెలా చెప్తన్నావ్?"

"ఆడికి తాగితే నిద్దరొత్తాది. కోపం రాదు."

కానిస్టేబుల్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మరి గేటు దగ్గర గొడవ దేనికి?"

"ఎదురింటోల్లని అడిగినాను. అన్నం కేరేజీ ఇంటికాడ ఒగ్గీసి పనిలోకి ఎలిపోనాడు. ఇది అమ్మగోరింటికి అట్టుకొచ్చినాది. తీసుకుందామని ఆడొత్తే నాలుగు తిట్టినాది. పెళ్ళాం తిట్టినాదని సంపీస్తే ఊల్లో ఎంతమంది మిగుల్తారు బాబూ?"

కొంగుతో మొహం తుడుచుకుంది. శ్రీరామ్మూర్తి అప్పుడు తలెత్తాడు.

కొంగు ఆమె కుడి భుజం మీంచి వచ్చింది.

ఆయన ఫైలు వెనక్కి తిప్పాడు. సంపు పక్కన తీసిన ఫొటో బయటికి లాగాడు. సిమెంటు గచ్చు మీద చిట్టెమ్మ. పైట ఎడమ భుజం మీద ఉంది. మడతలు వరసగా ఉన్నాయి. భుజం దగ్గర పిన్నీసు.

"మీ చిట్టెమ్మ పైట ఎటు వేసేది?"

"ఎటేటి బాబూ? కుడేపే. మా పక్క ఆడోళ్ళం అందరం అంతే. ఈదిలో పిల్ల గుంటలు నవ్వీవోరు. అయినా మార్సనేదు."

"పిన్నీసు పెట్టేదా?"

"కొంగు నడుంకాడ దోపీసీది. అంట్లు తోముకున్నదానికి పిన్నీసెందుకు?"

శ్రీరామ్మూర్తి ఫైలు మూశాడు. ఫోన్ తీసి దేవీప్రసాద్‌కి కలిపాడు. ఛార్జిషీటు ముందు ఒక్కసారి కృష్ణంరాజుగారింటికి వెళ్ళి రావాలన్నాడు.

"ఇప్పుడేటయ్యా మూర్తీ? వాళ్ళు కాఫీలిస్తారు గానీ కొత్త ముద్దాయిల్నిస్తారేటి?"

సాయంత్రం అయిదుకి అందరూ హాల్లో ఉన్నారు. కృష్ణంరాజు, ఆయన భార్య అనూరాధ, దేవీప్రసాద్. టీ వచ్చింది. శ్రీరామ్మూర్తి కప్పు ముట్టుకోలేదు.

"గొడవయ్యాక చిట్టెమ్మ ఎక్కడుందమ్మా?"

"పెరట్లో గిన్నెలు తోముతోంది," అంది అనూరాధ.

"మీరు?"

"తలనొప్పి. లోపల పడుకున్నాను."

"రాజుగారు?"

"సైట్లో. మధ్యాహ్నం భోజనానికి వచ్చారు."

"చిట్టెమ్మ చీర మీరేమైనా సర్దారా?"

"పనిమనిషి చీర నేనెందుకు ముట్టుకుంటాను?"

దేవీప్రసాద్ విసుక్కున్నాడు. "చీర మీద కేసు కడతావేటయ్యా?"

శ్రీరామ్మూర్తి లేచి గోడ మీది ఫొటో దించాడు. ఫ్రేము మీద దుమ్ము లేదు. రోజూ తుడిచే మనిషి పోయినా ఇంకెవరో తుడుస్తున్నారు.

"ఇది మీ గృహప్రవేశం కదండీ?"

"ఔను. పదేళ్ళైంది," అన్నాడు కృష్ణంరాజు.

"ఈ చివర పళ్ళెం పట్టుకుని ఎవరు?"

అనూరాధ ముందుకి వంగింది. చివరి మనిషి మొహం సగం ఫ్రేము కిందికి పోయింది. చూడటానికి కొంచెం టైం పట్టింది.

"చిట్టెమ్మ."

"పైట ఏ వైపు ఉంది?"

శ్రీరామ్మూర్తి పోలీసు ఫొటో దాని పక్కన పెట్టాడు.

"ఒకటి కుడి. ఒకటి ఎడమ. సంపులోంచి పైకి తీసింది మేమే. మేమెవరం పైట సర్దలేదు, పిన్నీసు పెట్టలేదు. చచ్చిపోయిన మనిషి పైట మార్చుకోదు. గవర్రాజు కట్టి ఉంటే కుడి వైపే కడతాడు, రోజూ చూసింది అదే. ఇది రోజూ ఎడమ వైపు కట్టి పిన్నీసు పెట్టుకునే చెయ్యి. చీర మళ్ళీ కట్టారంటే ముందు విప్పారు. ఎందుకు విప్పించారమ్మా?"

"ప్రసాద్, ఏంటిది?" అంటూ కృష్ణంరాజు లేచాడు.

దేవీప్రసాద్ కప్పులోకి చూస్తున్నాడు.

అనూరాధ తన ఎడమ భుజం మీది పిన్నీసుని వేలితో తడిమింది. గొంతు మామూలుగానే ఉంది.

"గొలుసు కనపడలేదు. పెరటి బాత్రూంలోకి తీసుకెళ్ళి వెతికాను. చీర విప్పమంటే విప్పింది. లంగా విప్పనంది. లాగాను. నేల తడిగా ఉంది. వెనక్కి పడింది. కుళాయి తగిలింది."

"ఎవరికి చెప్పారు?"

"ఆయన భోజనానికి వచ్చాక చెప్పాను. సంపులో వేద్దామన్నది ఆయనే."

"గొలుసు?"

"బీరువాలోనే ఉంది. ఆ సాయంత్రం దొరికింది."

కృష్ణంరాజు మళ్ళీ కూర్చున్నాడు.

"చీర కట్టకుండా వదిలేస్తే మాకు ఈ ఆధారం దొరికేది కాదు," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"ఆడమనిషి కదా. అలా ఎలా వదిలేస్తాను?"

"పదకొండేళ్ళు మీ కళ్ళ ముందు తిరిగింది. పైట ఏ వైపు వేసుకుంటుందో తెలీదా?"

ఆమె నిజంగానే ఆలోచించింది.

"తెలీదు."

ఇద్దర్నీ జీపెక్కించారు. శ్రీరామ్మూర్తికి సంతోషం కలగలేదు, జాలీ కలగలేదు. ఆ సంపు దగ్గరి ఫొటో ఇన్నాళ్ళూ ఆయన ఫైల్లోనే ఉంది.

రెండు రోజులకి పేపర్లో దేవీప్రసాద్ బొమ్మ వచ్చింది. చిక్కుముడి విప్పింది ఆయనేనట.

అదే పొద్దున గవర్రాజు జైలు గేటులోంచి బయటికి వచ్చాడు. చొక్కా వదులైంది. మహాలక్ష్మమ్మ గోడవార నిలబడి ఉంది. కాగితాల మీద సంతకాలు పెట్టించడానికి వచ్చిన శ్రీరామ్మూర్తి పక్కనే ఉన్నాడు.

"అత్తా, దాన్ని మనూరు అట్టుకెల్లినారా?"

"అట్టుకెల్లినాం."

"సీర?"

"నానే కట్టినాను. కుడేపే ఏసినాను."

వాడు వదులైన చొక్కా లోపలికి దోపుకున్నాడు. తర్వాత అడిగాడు.

"నాకు లాయర్ని పెట్టినావంట. ఆడు ఒక్క పాలీ రానేదు. డబ్బులెక్కడివే?"

"భూవి అమ్మీసినాను."

"బావికాడ ముక్కా?"

"అదే."

"కొంతైనా ఉంచినావా?"

ఆమె కుడి భుజం మీద కొంగు సర్దుకుంది.

"నేదు. పదిహేడు సెంట్లూ ఇచ్చీసినాను."