కింది గొంతు

అన్యాయం జరిగింది మసీనాకి, పోయిన ఈస్టరు ఆదివారం నాడు. చర్చి నుంచి వచ్చి అందరూ భోజనాలకి కూర్చుంటే, కన్నతల్లి ఫెతూ ఆమెని ఎగాదిగా చూసి, "ఎవరమ్మా నువ్వు? ఎవరు రమ్మన్నారు నిన్ను?" అంది. అల్జీమర్స్ జబ్బుకి దయ లేదు. అదంతా దేవుడి చిత్తమన్న పాస్టరుకి అంతకన్నా లేదు.

"అన్నీ మరిచినా పాట మరవరు. రోజూ పాడించండి," అంది సవాయీ దీవి ఆస్పత్రి నర్సు.

పాటకేం కొదవ? పొద్దువాలితే శంఖం ఊదుతారు; ఊళ్ళో ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ప్రార్థన పాటలు పాడతారు. మసీనాది పై గొంతు. తల్లిదీ, తమ్ముడు పౌలోదీ నడిమి గొంతులు. అన్నిటికన్నా లోతైన కింది గొంతు నాన్నది. ఆయన ఇంటిముందు సమాధిలో ఉన్నాడు. ఆ చోటు ఖాళీ.

పాడుతుంటే ఫెతూ ముఖం వెలిగేది. పాటయ్యాక కాసేపు తెలివొచ్చి, "పౌలో, తిన్నావురా?" అనేది. మసీనా పేరు మాత్రం ఎన్నడూ రాలేదు.

ఓ సాయంత్రం పౌలో సరదాకి కింది గొంతు అందుకున్నాడు. తల్లి చటుక్కున ఆగింది.

"నోర్ముయ్యరా! మీ నాన్న పాడుతుంటే మధ్యలో నీ కప్ప గోలేంటి?"

పౌలో నవ్వలేదు. బయటికొచ్చి గుసగుసగా, "ఆపేద్దామే అక్కా... నాకూ వినబడింది," అన్నాడు.

"పిరికి సన్నాసీ! ఆపితే అమ్మకి నేను చచ్చినట్టే. నువ్వు రాకపోతే పో."

మర్నాడు వాడు రాలేదు. శంఖం మోగి ఆగింది. గోడల్లేని ఇంట్లో గాలి ఆడటం లేదు. కొబ్బరాకు తెరలు బిగుసుకుని ఉన్నాయి. ఎక్కడినుంచో తడి సున్నం వాసన. మసీనా పాట ఎత్తుకుంది. తల్లి కలిసింది.

రెండో చరణంలో మోత మొదలైంది. ముందు చాప కింద నేలంతా పరిచిన గులకరాళ్ళలో... తర్వాత మసీనా మోకాళ్ళలో... ఆపైన సమాధి వైపునుంచి, గొంతుగా.

దగ్గరికొస్తోంది.

తెర లేచింది. పడింది.

ఆపాలి. ఆపితే...

ఆపలేదు.

ఫెతూ ఇటు తిరిగింది. కళ్ళనిండా తెలివి.

"మసీనా!" అంది. "నా బంగారుతల్లీ..."

మసీనాకి ఏడుపు ముంచుకొచ్చింది. "ఆఁ... అమ్మా!"

"కాస్త జరగవే. నాన్నకి చోటివ్వు."

మసీనా జరిగింది.

పక్కన చాప కుంగింది. మెల్లగా, బరువుగా.

కాసేపటికి, ఎవరూ లేని రెండో పక్క కూడా.