పదకొండు సెకన్ల పిలుపు

దెయ్యం సినిమా తీస్తానని బయలుదేరినవాడు అందరికంటే ముందు తానే జడుసుకుంటే చూడముచ్చటగా ఉంటుంది. మన డైరెక్టరు పని సరిగ్గా అదే అయింది. నలభై రెండు ఇనుప మెట్లు దిగి, టార్చి పైకెత్తి, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. వెనకాల దిగుతున్న స్నేహితుడు కెమెరాతో సహా వచ్చి వీపుకి గుద్దుకున్నా కదల్లేదు.

అది ఊరందరికీ నీళ్ళిచ్చే భూగర్భ ట్యాంకు. పైన గడ్డి, పట్టపగలు, సైకిళ్ళ బెల్లులు. కింద కటిక చీకటి. గుండ్రటి గోడ, దాని నడుమ వరసలు వరసలుగా స్తంభాలు. టార్చి వెలుగు ఎంత దూరం పోతే అంత దూరమూ స్తంభాలే. ఏడాదికోసారి నీళ్ళు తీసేసి, కడిగి, పగుళ్ళేమైనా ఉన్నాయేమో చూసుకోవడానికి మూడు రోజులు ఆరబెడతారు. నాలుగో రోజు పొద్దున మళ్ళీ నింపేస్తారు. వీళ్ళ సినిమాకి దొరికింది ఆ మూడు రోజులే.

"ఇంత పెద్దదా," అన్నాడు డైరెక్టరు. ఆ రెండు ముక్కలూ చీకట్లోకి వెళ్ళి, స్తంభాలన్నీ చుట్టబెట్టి, ఎంతో సేపటికి గానీ అణగలేదు. గుడిలోకి వచ్చినవాడిలా చెప్పులు విప్పేద్దామనిపించింది అతనికి.

వెనకనుంచి "ష్" అని వినిపించింది.

ఆ "ష్" సౌండ్ రికార్డిస్టుది. రెండు నెలలుగా ఆ ఒక్క శబ్దం తప్ప ఆ అమ్మాయి నోటినుంచి అతను మరేమీ వినలేదు. దానికి కారణం ఉంది, తప్పంతా మనవాడిదే.

సినిమా కోర్సు ఆఖరి ఏడాది. సౌండ్ విభాగం వాళ్ళని తెచ్చి వీళ్ళ క్లాసులో కలిపిన రోజు, ఒక్కొక్కరినీ లేచి తమ గురించి చెప్పమన్నారు మాస్టారు. ఆ అమ్మాయి లేచి రెండు వాక్యాలు చెప్పింది. గొంతు లోతుగా, బాగా బొంగురుగా ఉంది. డైరెక్టరుకి గుండె ఎక్కడో జారిపడింది. జారిన గుండెని ఏరుకోవడం చేతకాక, వెధవ నోరు తెరిచి, "అమ్మయ్య, దెయ్యానికి డబ్బింగ్ దొరికింది," అన్నాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ అమ్మాయి కూర్చుంది.

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? అప్పటినుంచీ ఆ అమ్మాయి అతనితోనే కాదు, క్లాసులో ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. ఏదైనా చెప్పాలంటే పసుప్పచ్చ చీటీ మీద రాసి చేతిలో పెడుతుంది. "ఫ్యాన్ ఆపాలి." "మళ్ళీ చెయ్యాలి." ఓసారి "నీ బూట్లు కిర్రుమంటున్నాయి" అని వచ్చింది. అది మొదలు మనవాడు షాట్ తీసేటప్పుడు వట్టికాళ్ళతోనే తిరుగుతున్నాడు. చీటీలన్నీ పర్సులో దాచుకుంటున్నాడన్న సంగతి కెమెరా స్నేహితుడికి తప్ప ఎవరికీ తెలియదు.

దైవలీల ఏమిటంటే, మాస్టారు ఇద్దరినీ ఒకే గ్రూపులో వేశారు. ఈ ట్యాంకు ఆపరేటరేమో ఆ అమ్మాయి నాన్నగారు. అనుమతి అడిగి తెచ్చింది కూడా తనే. ఎందుకు తెచ్చావని అడిగితే చీటీ మీద "మార్కులు" అని రాసిచ్చింది.

ఆపరేటరుగారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తాళం తీస్తూ ఒక్కటే చెప్పారు, లోపల ఏమైనా చేసుకోండి గాని గోడ పక్కన నిలబడి గుసగుసలు మాత్రం వద్దని. డైరెక్టరు ఆ మాటని అక్కడికక్కడే స్క్రిప్టులో రాసేసుకున్నాడు. అసలెందుకు వద్దన్నారో అడిగే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.

మొదటి రోజు ఆ అమ్మాయి ట్యాంకు నడుమ నిలబడి ఒకే ఒక్కసారి చప్పట్లు కొట్టింది. చప్పుడు చావడానికి ఎంతసేపు పడుతుందో వేళ్ళమీద లెక్కపెట్టింది. పదకొండు సెకన్లు. వెంటనే చీటీ వచ్చింది. "ఆఖరి మాట అయ్యాక పదకొండు సెకన్లు ఎవరూ కదలకూడదు. నువ్వు కట్ అనకూడదు." మనవాడికేమో దేనికైనా తొందర. నాలుగో సెకనుకే "కట్" అనేసేవాడు. ఆ అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి చూసే చూపుకి మూడు రోజులకి సరిపడా చలి పుట్టేది.

కథ చిన్నదే. పిల్లవాణ్ణి వెతుక్కుంటూ చీకట్లోకి వెళ్ళి తిరిగిరాని తల్లి ఒకతె, దెయ్యమయ్యాక కూడా వాణ్ణి పిలుస్తూనే ఉంటుంది. సినిమా అంతా ఆఖరున వచ్చే ఒక్క పిలుపు మీద నిలబడింది. "పొద్దుపోయింది, ఇంటికి రా." భయపెట్టాల్సిందీ అదే, ఏడిపించాల్సిందీ అదే. ఆ పిలుపు లేకపోతే మిగిలేది తెల్లచీర కట్టుకున్న క్లాస్‌మేటు అటూ ఇటూ నడిచిన పావుగంట.

ఆ క్లాస్‌మేటుని మూడు రోజులూ అందరూ "దెయ్యం" అనే పిలిచారు. దెయ్యం టీ తాగిందా, దెయ్యానికి స్వెట్టర్ ఇవ్వండి, దెయ్యం ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడుతోంది. రెండు రోజులు ఆ చెమ్మలో కేకలు పెట్టిపెట్టి, మూడో రోజు పొద్దున దెయ్యం నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. వేడినీళ్ళు పుక్కిలించినా లాభం లేకపోయింది. కెమెరా స్నేహితుడు నేనున్నానంటూ సన్నగొంతు పెట్టి పిలిచాడు. కూరగాయల బండి వచ్చినట్టుందే తప్ప దెయ్యం వచ్చినట్టు లేదు. అంతా నవ్వారు. నవ్వు అయిపోయాక అందరి చూపులూ ఒకేచోటికి వెళ్ళాయి.

మైకు దగ్గర కూర్చున్న అమ్మాయి తల వంచుకుని వైర్లు సర్దుకుంటోంది.

అడగరా అని మోచేత్తో పొడిచాడు స్నేహితుడు. డైరెక్టరు అతని రెక్కపట్టుకుని దూరంగా, గోడ పక్కకి లాక్కుపోయాడు. మధ్యలో అరవై అడుగుల చీకటి ఉంది, అన్ని స్తంభాలున్నాయి, ఇక్కడ మాట్లాడితే ఎవరికి వినిపిస్తుందిలే అనుకున్నాడు. గోడకి మొహం పెట్టి, గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

"అడగను. అడిగితే ఆ రోజన్న వెధవమాట నిజమని చెప్పినట్టే. ఆ అమ్మాయి నోరు మూయించింది నేనేరా. ఇప్పుడు నా అవసరానికి తెరవమనాలా?"

"సినిమా పోతుంది. ఏడాది పోతుంది."

"పోనీ. దెయ్యం పిలవదు, ఊరికే చూస్తుందని మార్చేస్తా. బాగుండదు, తెలుసు. నీకొకటి చెప్పనా? ఆ గొంతు విన్నరోజు నాకు ఒళ్ళంతా జలదరించింది. ఏం చెయ్యాలో తెలీక జోకేశాను. అది మళ్ళీ వినాలని ఎంతుందో. ఆ అమ్మాయంటే నాకు..."

అంతలో పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. మాట సగంలోనే ఆగింది.

ఆ అమ్మాయి. హెడ్‌ఫోన్స్ మెడలో ఉన్నాయి. కళ్ళు తడిగా ఉన్నాయి. మనవాడికి అప్పుడు తెలిసొచ్చింది, ఆపరేటరుగారు గుసగుసలొద్దని ఎందుకన్నారో. గుండ్రటి గోడ అది. దాని పక్కన ఊపిరి పీల్చినా, గోడనే అంటిపెట్టుకుని చుట్టూ తిరిగి అవతలివైపున్న చెవిలో పడుతుంది. మైకు ఉన్నది సరిగ్గా ఆ అవతలివైపే. గోడలకి చెవులుంటాయని అందరమూ అంటాం. ఈ గోడకి నోరు కూడా ఉంది.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు డైరెక్టరు. ఆ అమ్మాయి చీటీల కట్ట తియ్యలేదు. మెడలోని హెడ్‌ఫోన్స్ తీసి, అతని చెవులకి పెట్టి, రికార్డరు చేతిలో పెట్టింది. దెయ్యం మీదున్న చిన్న లైటు తప్ప మిగతావన్నీ ఆర్పమని అందరికీ సైగ చేసి, మైకు అందుకుని ట్యాంకు నడుమకి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. దెయ్యం పాత్రధారి తన తెల్లచీర సర్దుకుని కెమెరా ముందు, స్తంభాల మధ్య నిలబడింది.

చీకటి. హెడ్‌ఫోన్స్‌లో మొదట ఆ అమ్మాయి ఊపిరి వినిపించింది, చాలా దగ్గరగా. తర్వాత పిలిచింది.

"పొద్దుపోయింది. ఇంటికి రా."

ఆ గొంతు నేలలోంచి లేచినట్టు లేచింది. కేక కాదు, ఏడుపు కాదు. ఎన్నేళ్ళైనా సరే, పిలవడం మాననని చెప్పే గొంతు. స్తంభం స్తంభానికీ తగిలి, ఒకటి పదై, పది నూరై, చీకటంతా ఒకే తల్లి అయిపోయి పిలిచింది. డైరెక్టరు తడినేల మీద అలాగే మోకాళ్ళమీద కూర్చుండిపోయాడు. ఇంత గొంతుని నేనా వెక్కిరించింది అనుకున్నాడు. కెమెరా పట్టుకున్న స్నేహితుడి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మూడు, నాలుగు. ఏడు. తొమ్మిది. పదకొండో సెకను కూడా దాటింది. ఆ తర్వాత మరికాసేపటికి గానీ మనవాడు నోరు తెరవలేదు, తెరిచినా "కట్" అన్న మాట వచ్చిందో లేదో అతనికే తెలియదు.

మెట్ల మీద ఆపరేటరుగారు నిలబడి ఉన్నారు. టైమైందని చెప్పడానికి దిగివచ్చినట్టున్నారు. ఇంకో రెండు మెట్లు దిగి కూతురితో అన్నారు.

"ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడి ఎన్నాళ్ళైందమ్మా. నీ గొంతు ఇంతుందని నాకే తెలీదు."

నాలుగో రోజు పొద్దున నీళ్ళు వదిలారు. గ్రూపంతా సామాను సర్దుకుని పైన వ్యానులో కూర్చుంది. డైరెక్టరు మాత్రం చూసొస్తానని మెట్లు దిగి, సగంలో ఉన్న ఇనుప అరుగు మీద నిలబడ్డాడు. ఆ అమ్మాయి అప్పటికే అక్కడుంది. పై మెట్టు దగ్గర ఆపరేటరుగారు రెండు చేతులా చక్రం తిప్పారు.

మనిషి నిలువునా పట్టేంత గొట్టంలోంచి తెల్లగా విరుచుకుపడింది నీరు. అరుగు అదిరింది. రాత్రీ పగలూ తేడా లేని ఆ చీకటి నేల మీద నీళ్ళు పరుచుకుంటూ వెళ్ళాయి. నిన్న తాము నడిచిన చోటు, కూర్చున్న చోటు, పిలుపు పుట్టిన చోటు ఒక్కొక్కటే మునిగిపోతుంటే ఇద్దరూ రెయిలింగు మీదికి వంగి చూశారు. అంత పెద్దదాన్ని చూస్తుంటే మనసులో ఏదీ దాచుకోబుద్ధి కాలేదు అతనికి.

ఆ అమ్మాయే మొదలుపెట్టింది. అతని చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"ఆ రోజు క్లాసులో అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు. జోకేసినవాడే నవ్వలేదు. ఎందుకా అని రెండు నెలలు తల బద్దలు కొట్టుకున్నాను."

"సారీ," అన్నాడు. ఎప్పుడో చెప్పాల్సింది, ఇప్పుడు చెప్పాడు.

"అది సరే. గోడ దగ్గర మాట సగంలో ఆపేశావు. మిగతా సగం ఏంటి?"

నీళ్ళ హోరులో మామూలుగా చెబితే వినపడే మాట కాదు. పైన వాళ్ళ నాన్నగారున్నారు. మనవాడికి ముందు నుయ్యి, వెనక నిజంగానే నీళ్ళు. కళ్ళు మూసుకుని అరిచేశాడు.

"నువ్వంటే నాకిష్టం!"

ఆ అమ్మాయి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వినపడలేదంది. ఇంకా గట్టిగా అరిచాడు. ఊహూఁ అని తలూపింది. మూడోసారి ఊపిరంతా కూడగట్టి, మెడ నరాలు పొంగేలా అరిచాడు. పైన చక్రం దగ్గర ఆపరేటరుగారు తలతిప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, అతన్ని ఆపాదమస్తకం ఓసారి చూశారు. తర్వాత, కుర్రాడు తడిసిపోతున్నాడు, ఇంటికి తీసుకొచ్చి తువ్వాలివ్వమని కూతురికి కేకేసి, మళ్ళీ తన పనిలో పడ్డారు.

అప్పుడు ఇటు తిరిగి చూస్తే ఆ అమ్మాయి నవ్వుతోంది. రెండు నెలల్లో మొదటిసారి. నోరు పెద్దది చెయ్యకుండా, కేక వెయ్యకుండా మామూలుగానే మాట్లాడింది. అంత హోరులోనూ, ఆ లోతైన గొంతులోని ప్రతి అక్షరం అతనికి స్పష్టంగా అందింది.

"మొదటిసారే వినపడింది," అంది. "మిగతా రెండూ నాక్కావాలనిపించి అడిగాను."