కోల్డ్ రూమ్‌లో ఎర్రచుక్క

"మా తమ్ముడు నా మొగుణ్ణి చంపాడా లేదా, అది తేల్చండి చాలు. చంపుంటే వాణ్ణి నా చేతుల్తోనే నరుకుతా," అందామె. భర్త నెత్తురు ఆమె గోళ్ళ సందుల్లో ఎండిపోయి ఉంది. డిటెక్టివ్ అసిస్టెంట్‌తో బయల్దేరాడు.

ఆమె భర్త గోడౌన్ మేస్త్రీ. కోల్డ్ రూమ్‌లో ఎవరో ఇనపరాడ్డుతో అతని తల చితకబాదారు. అక్కడ ప్రతివాడి మెడలో వైర్‌లెస్ బిళ్ళ ఉంటుంది. దాని సిగ్నల్ గోడల మీది పెట్టెలకు ఎంత అందుతుందో చూసి, మనిషి ఎక్కడున్నాడో కంప్యూటర్ తెరమీద ఎర్రచుక్క పెడుతుంది. గదిగదికీ బిళ్ళ తిప్పి కంప్యూటర్‌కి ఆ విద్య నేర్పారు. మేస్త్రీ మాత్రం బిళ్ళ వేసుకునేవాడు కాదు. హత్యవేళ కోల్డ్ రూమ్‌లో కనిపించింది లారీ నడిపే బావమరిది చుక్క. యార్డులో లారీలో నిద్రపోయానని అతను మొత్తుకున్నా వినకుండా, కూలీలు పళ్ళు రాలేలా కొట్టి ఆసుపత్రి పాలు చేశారు.

ఆ వేళకు తాను మూసి ఉన్న క్యాంటీన్‌లో ఒంటరిగా కూర్చున్నానన్నాడు మేనేజర్. "నా మాటెందుకండీ, తెర చూడండి. నా చుక్క క్యాంటీన్‌లోనే ఉంది. యంత్రానికి చుట్టాలుంటారా?"

కోల్డ్ రూమ్ గోడమీది పెట్టె పగిలి ఉంది. పెనుగులాటలో పగిలిందన్నారు పోలీసులు. డిటెక్టివ్ దాని మూత ఊడదీశాడు. లోపలి తీగల మీద కూడా నెత్తురు చింది ఉంది. అసిస్టెంట్‌కి ఏమీ అర్థం కాలేదు.

డిటెక్టివ్ అందర్నీ తెర ముందు కూర్చోబెట్టి, బిళ్ళలిచ్చి ముగ్గుర్ని మూడు చోట్లకు పంపాడు. యార్డులో నిలబడ్డ కూలీ చుక్క కోల్డ్ రూమ్‌లో పడింది. కోల్డ్ రూమ్‌లో ఉన్న అసిస్టెంట్ చుక్క క్యాంటీన్‌లో, క్యాంటీన్‌లోని వంటవాడి చుక్క గేటు దగ్గర పడ్డాయి.

"లోపలికి నెత్తురు చిందిందంటే పెట్టె దెబ్బలకు ముందే పగిలింది," అన్నాడు డిటెక్టివ్. "అన్ని పెట్టెలూ పలికితేనే లెక్క కట్టడం యంత్రానికి నేర్పారు. ఒకటి మూగబోతే ఏం చెయ్యాలో నేర్పలేదు. మేనేజర్‌గారూ, మీరు నిజంగా క్యాంటీన్‌లో ఉంటే మీ చుక్క గేటు దగ్గర ఉండాలి కదా? అది క్యాంటీన్‌లో పడిందంటే మీరున్నది కోల్డ్ రూమ్‌లో."

ఒక కూలీ చెయ్యి విరగ్గొట్టిన మేనేజర్ మీద మేస్త్రీ సాక్ష్యం చెప్పబోతున్నాడని అక్కడ అందరికీ తెలుసు. మేనేజర్ అట్టపెట్టెలు కోసే కత్తి లాగి మీదికి దూకాడు. డిటెక్టివ్ భుజం చీలింది. అయినా అతను ఆ మణికట్టును తలుపు సందున పెట్టి విరిచేశాడు.

ఆసుపత్రిలో తమ్ముడి కళ్ళు వాచి మూసుకుపోయి ఉన్నాయి. అక్క తాను డిటెక్టివ్‌తో అన్న మాటతో సహా జరిగిందంతా చెప్పింది.

"నువ్వు కూడా నమ్మావా అక్కా?" అని అడిగాడు అతను.

ఆమె ఏడుస్తూ అతని చెయ్యి పట్టుకోబోయింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.