ఎనిమిదో చీర

భాద్రపద బహుళ అమావాస్య... అందులోనూ ఆదివారం! తెల్లవారుజామున అయిదు గంటలకు, ప్రొద్దుటూరులో సుగుణమ్మ ఇంటి వసారాలో, కోడలు చందన సంచి సర్దుతోంది. జలపాతం కింద తడిస్తే మార్చుకోవడానికి రెండు జతల బట్టలు, తువ్వాలు, గుళ్ళో కొట్టడానికి కొబ్బరికాయ. వీధి చివర కరెంటు స్తంభం మీద గుడ్లగూబ ఆగి ఆగి కూస్తోంది. పడమటి దిక్కున ఉరుము... చుక్క వానలేని పొడి ఉరుము!

"పెద్దల అమావాస్య రా ఇది. ఈపొద్దు ఎవురైనా బండి తీస్తారా?" అంది సుగుణమ్మ.

ఆమె కొడుకు ధనుంజయ్ బండి తుడుస్తూ విసుక్కున్నాడు. "అమావాస్యకు గాకుంటే మన బట్టలంగడి ఎప్పుడు మూస్తాం మా? రేపట్నించి దసరా బేరాలు. పెండ్లయి నాలుగేండ్లాయ, కోడల్ని మైదుకూరు రోడ్డు గూడా దాటించలేదని నువ్వే గదా తిట్టేది?"

"తిడ్తి. ఈపొద్దే పొమ్మంటినా?"

"నువ్వూ రా అత్తా, బండి మీద మధ్యన కూచుందువు" అని నవ్వింది చందన.

"నన్ను మధ్యన పెట్టుకొని ఏం జలపాతం చూస్తారే!" సుగుణమ్మ కూడా నవ్వింది. నవ్వింది గానీ సంచి పట్టీ మీది చెయ్యి మాత్రం తీయలేదు. బయలుదేరేవాళ్ళకు తెలియదు... వెనక నిలబడ్డవాళ్ళకే గుండెలో ఏదో కదులుతుంది. బండి కదిలాకనే ఆ చెయ్యి వదిలింది.

ఆ రోజు ఏదీ సవ్యంగా జరగలేదు. జమ్మలమడుగులో వెనక చక్రం పంచరు. పంచరంగడివాడు నిద్ర లేచి వచ్చేసరికి గంటన్నర. గండికోట మాధవరాయస్వామి గుడికి పోతే గర్భగుడిలో విగ్రహమే లేదు, గబ్బిలాల వాసన తప్ప. తెచ్చిన కొబ్బరికాయ తెచ్చినట్టే సంచిలోకి పోయింది. ముద్దనూరు దారంతా సిమెంటు లారీల దుమ్ము. పులివెందుల హోటల్లో టిఫిను అయిపోయింది, అన్నం ఇంకా కాలేదు!

"రావద్దనింది అత్త" అంది చందన.

"ఇంగొగసారి అత్త అన్నావంటే ఈడనే దింపి పోతా!"

"దింపు. నేను బస్సెక్కి పోతా. నీకన్నా ముందే ఇంట్లో ఉంటా."

పులివెందుల దాటి, కొండల మధ్య ఏడక్కల కోన చేరేసరికి పదకొండున్నర. ఫోను వీడియోలో నురగలు కక్కుతూ దూకిన జలపాతం ఎక్కడా లేదు! నిట్టనిలువు బండ... ఎండిన పాచి... పుర్రె కళ్ళలా నల్లని తొర్రలు!

"ఇంత దూరం వచ్చి ఈ బండను చూసేదానికా?" ధనుంజయ్ రాయెత్తి ఆ బండకేసి కొట్టాడు.

మేకలు మేపుతున్న మైమూన్ అనే ముసలామె గట్టు మీద నుంచి కేకేసింది. "అది పాత వీడియో నాయనా! పన్నెండేండ్లాయ ఈడ నీళ్ళు దూకక. పైన మడుగు నిండే ఉంటాది, కిందికి చుక్క దిగదు. ఆ భైరప్ప అక్కదేవతల నెత్తిన మేకులు కొట్టి నీళ్ళు నిలేసినాడు. పాపిష్టోడు, క్షుద్రం చేస్తాడు. పొద్దు నడినెత్తికి రాకముందే పోండి!"

"పోదాం పా" అన్నాడతను. కానీ చందన అప్పటికే బండ కిందికి నడిచింది. అక్కడ వరుసగా అక్కదేవతల రాళ్ళు. మొక్కుకున్నవాళ్ళు ఒక్కో రాతికీ ఒక్కో చీర చుట్టి పోతారు. ఎండకు వెలిసిపోయిన ఏడు చీరలు... పక్కనే కొత్తది, ఎర్రటిది, ఇంకొకటి!

"అక్కలు ఏడుగురు గదా బావా? ఎనిమిది చీరలుండాయే!"

మొక్కుబడి చీర ముట్టుకోకూడదని ఆమెకు తెలుసు. కానీ నాలుగేళ్ళుగా అంగట్లో కూర్చున్న చెయ్యి అది. కొత్త చీర కనబడితే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొంగు నలిపి చూడకుండా ఉండలేదు. నలిపింది. జరీ అసలుదో కాదో చూడటానికి కొంచెం లాగింది...

చీర జారింది. కింద రాయి లేదు. కుంకుమ పూసిన కపాలం!

కెవ్వుమని అరిచిన అరుపు సగంలో మారిపోయింది... అది చందన గొంతు కాదు! జుట్టు విరబోసుకుంది. కనుగుడ్లు తెల్లగా తిరిగిపోయాయి. తొర్రలోంచి భైరప్ప బయటికి వచ్చాడు. ఎముకల గూడు లాంటి మనిషి, మెడలో పుర్రెల పేరు.

"తనంతట తానే చీర తీసింది! పన్నెండేండ్లు కట్టేసిన పిశాచికి ఒళ్ళు దొరికింది! పొద్దు నడినెత్తి దాటేదాకా మంత్రం ఆపకుండా నిలబెడ్తే ఇంగ అది నీ పెండ్లాం గాదురా... నా దాసి! ఓం హ్రీం... క్రోం...!"

ధనుంజయ్ అతని మీదికి దూకబోయాడు. చందన చేతులు భర్తను బొంగరంలా తిప్పి విసిరేశాయి. ఇంకొక్క గడియ... ఆమె ఎప్పటికీ దక్కదు!

మైమూన్ అరిచింది. "మేకులు పీకు బిడ్డా! అక్కలు లేసినారంటే ఏ దయ్యమూ నిలబడదు!"

అతను మొదటి రాతి చీర తొలగించాడు. తుప్పుపట్టిన మేకు. రాతితో అటూ ఇటూ కొట్టి పీకాడు. పైన ఎక్కడో నీరు కదిలిన చప్పుడు! రెండు... మూడు... వీపును ఆమె గోళ్ళు చీరుతున్నాయి. నాలుగు... అయిదు... భైరప్ప నోరు మంత్రానికి కట్టుబడిపోయింది. ఆపితే పిశాచి తననే తింటుంది. కళ్ళతోనే నిప్పులు కక్కుతున్నాడు. ఆరు!

చందన కళ్ళలో నల్లగుడ్లు తిరిగి వచ్చాయి. "బావా... పైన నీళ్ళు... వచ్చెయ్ బావా!"

పోవచ్చు. ఆమె చెయ్యి పట్టుకుని గట్టెక్కవచ్చు. కానీ అతను చూస్తుండగానే ఆ నల్లగుడ్లు మళ్ళీ తెల్లబడసాగాయి.

"అవ్వా, దీన్ని పట్టుకో! గట్టు మీదికి లాక్కో!" అన్నాడు. మైమూన్ పరుగున దిగి వచ్చి చందన నడుము పట్టి ఈడ్చుకుపోయింది. అతను ఏడో రాతి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేళ్ళ నుంచి నెత్తురు కారుతోంది. "రా... నీ యబ్బ... రా!" అని ఆ మేకును తిడుతూ పీకాడు.

ఊడింది!

కొండ చీలినట్టు గర్జన! ఏడు పాయలు... ఏడుగురు ఆడవాళ్ళు కొప్పులు విప్పుకుని దూకినట్టు! చందన నోట్లోంచి నల్లటి పొగ వెలువడి భైరప్ప గొంతుకు చుట్టుకుంది. మంత్రం ఆగింది. "తల్లీ, అక్కల్లారా, నన్నొదలండి...!" ఆ మాట పూర్తి కాకముందే పన్నెండేళ్ళ నీరు అతని మీద పడింది.

గట్టు మీద చందన తన గొంతుతోనే, "బావా! బావా!" అని అరుస్తోంది. కింద రాళ్ళు లేవు. నురగ తప్ప ఏమీ లేదు.

భైరప్ప శవం మూడోనాడు దిగువ వంకలో తేలింది. చందనను ఆ రాత్రి పోలీసు జీపులో ప్రొద్దుటూరు చేర్చారు. ధనుంజయ్ తిరిగి రాలేదు. ఆ నీళ్ళు దూకింది రెండువేల ఇరవై రెండు, సెప్టెంబరు ఇరవై అయిదు, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండుంబావు.